పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు: సెన్సర్ ఇచ్చే అంకెను ఎప్పుడు నమ్మాలి?

ఈ నెల ఉత్తర తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయానికి సంబంధించినవి. తేమను, వేడిని కొలిచే సెన్సర్‌ను మైక్రోకంట్రోలర్‌కు (ప్రోగ్రాం రాసి నడిపించే చిన్న కంప్యూటర్ చిప్‌కు) కలిపి, అది ఇచ్చే అంకెను బట్టి మోటరునో ఫ్యానునో నడిపించడం ఎలాగని పాఠకులు అడిగారు. చాలామంది తప్పు తమ ప్రోగ్రాంలోనే ఉందని నమ్ముతున్నారు. ఉత్తరాలు జాగ్రత్తగా చదివితే మాత్రం, చిక్కు చాలాసార్లు ప్రోగ్రాం దాకా రాకముందే, తీగలోనో కరెంటు సరఫరాలోనో సెన్సర్‌ను పాతిన మట్టిలోనో మొదలైనట్లు కనిపిస్తోంది. వాటిలో పదిమందికీ పనికివచ్చే ప్రశ్నలను ఎంచుకుని ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం.

ప్రశ్న: మా ఉన్నత పాఠశాలలో ఆర్డుయినో ఊనో బోర్డుతో పిల్లలకు ప్రయోగాలు చూపిస్తున్నాను. వోల్టేజిని కొలిచే ఏ0 పిన్‌కు ఏమీ కలపకుండా ప్రోగ్రాం నడిపినా 300, 412, 275 అంటూ అంకెలు వస్తూనే ఉన్నాయి. చెయ్యి దగ్గరికి తీసుకువెళ్తే మారుతున్నాయి కూడా. బోర్డు చెడిపోయిందా? – ఒక ఉపాధ్యాయుడు, ములుగు జిల్లా

సమాధానం: బోర్డుకు ఏమీ కాలేదు. ఊనోలో ఉండే ఏటీమెగా 328పీ చిప్ తన అనలాగ్ పిన్ దగ్గరి వోల్టేజిని చూసేటప్పుడు దాదాపు కరెంటేమీ తీసుకోదు, ఎందుకంటే ఆ పిన్ లోపలి నిరోధం సుమారు 100 మెగా ఓమ్‌లు ఉంటుంది. అందువల్ల దేనికీ కలపని పిన్ ఏరియల్‌గా పనిచేసి, గోడల్లోని వైర్ల నుంచీ పక్కన నిలబడ్డ మనిషి ఒంటి నుంచీ వచ్చే ఇంటి కరెంటు 50 హెర్ట్జ్‌ల ప్రభావాన్ని పట్టుకుంటుంది. చిప్ ఆ క్షణంలో పిన్ మీద ఎంత వోల్టేజి ఉంటే అంతకు తగిన అంకెను చెబుతుంది. అది సెన్సర్ నుంచి వచ్చిందా, గాలిలో నుంచి వచ్చిందా అన్నది చిప్‌కు తెలియదు.

ఆ అంకె ఎలా పుడుతుందో పిల్లలకు ముందే వివరించడం మంచిది. చిప్ పిన్ మీది వోల్టేజిని లోపల ఉన్న ఒక చిన్న కెపాసిటర్‌లోకి (విద్యుదావేశాన్ని నిల్వ చేసే భాగంలోకి) తీసుకుని, దాన్ని బోర్డు సరఫరా అయిన 5 వోల్టులతో పోల్చి, 1024 మెట్లలో అది ఎన్నో మెట్టు దగ్గర ఉందో తేలుస్తుంది. ఒక్కో మెట్టు విలువ సుమారు 4.9 మిల్లీవోల్టులు, ఒక్కో కొలతకు పట్టే సమయం సుమారు 0.1 మిల్లీసెకను. ఇది తెలిశాక, 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండింటిని వరుసగా 5 వోల్టులకూ గ్రౌండ్‌కూ మధ్య కలిపి, వాటి నడిమి బిందువును ఏ0కు ఇచ్చి, ఎంత వస్తుందో ముందుగా కాగితం మీద లెక్కవేయమని పిల్లలను అడగండి. 512 దగ్గర రావాలి. గ్రౌండ్ వైపు ఇంకో 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌ను వరుసగా చేరిస్తే 682 దగ్గరికి పోవాలి. ముందు లెక్క, తరువాత కొలత అన్న క్రమం అలవాటైన విద్యార్థి రేపు ఏ సెన్సర్ పట్టుకున్నా తప్పుదారి పట్టడు.

ఖాళీ పిన్ చూపించే అంకెలను వృథాగా వదిలేయకండి, అందులో ఒక ముఖ్యమైన పాఠం ఉంది. సెన్సర్ తీగ తెగిపోయినా ప్రోగ్రాంకు సున్నా రాదు, నమ్మదగినట్లు కనిపించే ఏదో ఒక అంకె వస్తుంది. ప్రోగ్రాం దాన్నే నిజమనుకుని ముందుకు సాగుతుంది. పిన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 1 మెగా ఓమ్ రెసిస్టర్ ఒకటి పెడితే, తీగ తెగినప్పుడు అంకె సున్నా దగ్గరికి పడిపోతుంది, ప్రోగ్రాం ఆ సంగతిని గుర్తించగలుగుతుంది. సెన్సర్ బాగున్నప్పుడు అంత పెద్ద రెసిస్టర్ వల్ల కొలతలో వచ్చే తేడా సాధారణంగా లెక్కించదగినది కాదు.

ప్రశ్న: మాది రామగుండం. ఎల్ఎం35 సెన్సర్‌తో ఉష్ణోగ్రత చూపించే పరికరం తయారుచేశాను. మధ్యాహ్నం గోడ మీది థర్మామీటరు 42 డిగ్రీలు చూపిస్తుంటే నా పరికరం 44.7 దాకా చూపిస్తోంది. రాత్రి చల్లబడ్డాక తేడా తగ్గుతోంది. లాప్‌టాప్ బదులు ఫోన్ చార్జర్‌తో నడిపితే అంకె మళ్లీ మారుతోంది. సెన్సర్ మార్చాలా? – బీటెక్ విద్యార్థి

సమాధానం: మార్చనక్కరలేదు. మీ ఉత్తరంలోనే రెండు ఆధారాలు ఉన్నాయి. వేడి పెరిగిన కొద్దీ తప్పు కూడా అదే పాళ్లలో పెరుగుతోంది, చార్జర్ మారిస్తే అంకె మారుతోంది. ఈ రెండూ కలిసి వచ్చాయంటే సందేహించవలసింది సెన్సర్‌ను కాదు, చిప్ దేనితో పోల్చి కొలుస్తోందో ఆ వోల్టేజిని.

ఎల్ఎం35 ప్రతి డిగ్రీకి 10 మిల్లీవోల్టుల చొప్పున ఇస్తుంది, కాబట్టి 42 డిగ్రీల దగ్గర 420 మిల్లీవోల్టులు వస్తాయి. మీ ప్రోగ్రాం సరఫరా వోల్టేజి కచ్చితంగా 5 అని నమ్మి లెక్కవేస్తోంది. యూఎస్‌బీ తీగ పొడవుగా, సన్నగా ఉన్నప్పుడు బోర్డు మీది 5 వోల్టుల పిన్ దగ్గర నిజంగా ఉండేది 4.7 మాత్రమే కావచ్చు. అప్పుడు 420 మిల్లీవోల్టులు 86వ మెట్టు దగ్గర కాక 91, 92 మెట్ల మధ్య పడతాయి, వాటిని మళ్లీ 5 వోల్టుల లెక్కన గుణిస్తే 44.7 వస్తుంది. కొలిచే కుంచమే చిన్నదైతే అవే వడ్లు ఎక్కువ కుంచాలు అయినట్టుగా ఇక్కడ అంకె పెరిగింది. అదే 30 డిగ్రీల దగ్గరైతే 31.9 చూపిస్తుంది. రాత్రిపూట తేడా తగ్గినట్లు మీకు కనిపించడానికి కారణం ఇదే. ముందుగా మల్టీమీటరుతో 5 వోల్టుల పిన్‌ను కొలిచి చూడండి.

దీనికి శాశ్వతమైన మార్గం, చిప్ లోపలే ఉన్న 1.1 వోల్టుల ప్రమాణాన్ని వాడుకోవడం. ప్రోగ్రాం మొదట్లో అనలాగ్‌రెఫరెన్స్ ఆదేశానికి ఇంటర్నల్ అని ఇస్తే చిప్ సరఫరాతో కాక ఆ ప్రమాణంతో పోల్చడం మొదలుపెడుతుంది. దీనివల్ల మరో లాభం కూడా ఉంది. 5 వోల్టుల లెక్కన ఒక్కో మెట్టు దాదాపు అర డిగ్రీ అయితే, 1.1 వోల్టుల లెక్కన ఒక్కో మెట్టు సుమారు డిగ్రీలో పదోవంతు అవుతుంది. 110 డిగ్రీల దాకా కొలవవచ్చు కనుక గాలి ఉష్ణోగ్రతకు అది చాలినంత. అయితే ఈ 1.1 అన్నది చిప్‌ను బట్టి 1.0 నుంచి 1.2 దాకా ఉండవచ్చు. ఒకే చిప్‌లో మాత్రం అది స్థిరంగా ఉంటుంది. కాబట్టి చిప్ పోల్చే ప్రమాణ వోల్టేజి కనిపించే ఏరెఫ్ పిన్ దగ్గర మల్టీమీటరు పెట్టి మీ బోర్డుకు అసలు విలువ ఎంతో ఒకసారి కొలిచి, ఆ విలువనే ప్రోగ్రాంలో రాయండి. ప్రమాణం మార్చిన వెంటనే వచ్చే మొదటి కొన్ని అంకెలను వదిలేయండి. ఇంటర్నల్ ప్రమాణం వాడుతున్నప్పుడు ఏరెఫ్ పిన్‌కు బయటి నుంచి ఏ వోల్టేజీ ఇవ్వకూడదు, చిప్ పాడవుతుంది.

ఈ ఇబ్బంది అన్ని సెన్సర్లకూ ఉండదన్న మాట కూడా చెప్పాలి. థర్మిస్టర్‌నో (వేడికి నిరోధం మారే సెన్సర్) వెలుతురు సెన్సర్‌నో ఒక రెసిస్టర్‌తో వరుసగా కలిపి అదే 5 వోల్టుల పిన్ నుంచి సరఫరా ఇచ్చినప్పుడు, సరఫరా తగ్గితే సెన్సర్ ఇచ్చే వోల్టేజీ అదే పాళ్లలో తగ్గుతుంది, పోల్చే వోల్టేజీ తగ్గుతుంది, అంకె మారదు. అలాంటివాటికి 1.1 వోల్టుల ప్రమాణం వాడితేనే తప్పు వస్తుంది. తన కొలతను తానే వోల్టులుగా ఇచ్చే ఎల్ఎం35 వంటి సెన్సర్‌కు స్థిరమైన ప్రమాణం కావాలి, నిరోధం మారే సెన్సర్‌కు ఉమ్మడి సరఫరా కావాలి.

ప్రశ్న: రీడింగ్‌ను 5000తో గుణించి 1023తో భాగించి మిల్లీవోల్టులు చూపిస్తున్నాను. రీడింగ్ 6 దాకా సరిగానే వస్తోంది, 7 రాగానే మైనస్ అంకెలు వస్తున్నాయి. ఇదే ప్రోగ్రాం మిత్రుడి ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న మరో మైక్రోకంట్రోలర్) బోర్డులో బాగా నడుస్తోంది. – పాలిటెక్నిక్ విద్యార్థిని, వరంగల్

సమాధానం: ఊనోలో పూర్ణాంకాలను దాచే ఇంట్ అన్న రకం 16 బిట్లది, అందులో పట్టే అతిపెద్ద సంఖ్య 32767. రీడింగ్ 6 అయితే లబ్ధం 30000, సరిపోతుంది. 7 అయితే 35000, పట్టదు, పొంగి మైనస్‌లోకి వెళ్తుంది. రీడింగ్ 10కి మీకు మైనస్ 15 వచ్చి ఉండాలి. ఈఎస్‌పీ32లో ఇంట్ 32 బిట్లది కాబట్టి అక్కడ ఈ చిక్కు బయటపడదు. 5000 పక్కన ఎల్ అక్షరం చేర్చి దాన్ని లాంగ్ రకం సంఖ్యగా రాస్తే లెక్క మొత్తం 32 బిట్లలో జరుగుతుంది. ముందు భాగించి తరువాత గుణిస్తే పొంగదు కదా అని కొందరు అలా రాస్తారు, కానీ పూర్ణాంకాల్లో ఏ రీడింగ్‌నైనా 1023తో భాగిస్తే దాదాపు ఎప్పుడూ సున్నాయే వస్తుంది. భాగించవలసింది 1023తోనా 1024తోనా అన్న వాదన మీ స్నేహితుల మధ్య వస్తే, చిప్ తయారీదారు పత్రంలోని సూత్రం 1024తోనే ఉందని చెప్పండి. ఆ రెంటి మధ్య తేడా ఒక మెట్టుకు మించదు కనుక దాని మీద ఎక్కువ సమయం పెట్టవద్దు.

ప్రశ్న: నర్సంపేట దగ్గర మాకు మిర్చి తోట ఉంది, డ్రిప్ వేశాం. మా అబ్బాయి కెపాసిటివ్ తేమ సెన్సర్, ఊనో, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, విడదీసే స్విచ్చు) కలిపి, అంకె 500 దాటితే మోటరు నడిచేలా, తగ్గితే ఆగేలా చేశాడు. నేల ఎండితే అంకె పెరుగుతుంది. ఇంట్లో పూలకుండీలో బాగానే పనిచేసింది. పొలంలో పెట్టాక మాత్రం మోటరు నిమిషానికి నాలుగైదు సార్లు ఆగి మొదలవుతోంది. సెన్సర్‌కూ స్టార్టర్ డబ్బాకూ మధ్య దాదాపు 60 మీటర్ల తీగ ఉంది. పైగా మా చేనులో సగం నల్లరేగడి, సగం ఎర్రచెలక. ఒక్కో చోట ఒక్కో అంకె వస్తోంది. – ఒక రైతు

సమాధానం: అన్నిటికంటే ముందు ఆ రిలేను స్టార్టర్ నుంచి విడదీసి, దాని స్థానంలో చిన్న బల్బు ఒకటి పెట్టి పరీక్షించండి. మోటరు మొదలయ్యే క్షణంలో అది మామూలుగా తీసుకునే దానికి దాదాపు ఆరు రెట్ల కరెంటు తీసుకుంటుంది. నిమిషానికి నాలుగుసార్లు అలా జరిగితే చుట్టలు వేడెక్కి కాలిపోతాయి. పంట కాలంలో బోరు మోటరు కాలితే మిర్చి తోటకు ఎంత నష్టమో మీకు మేం చెప్పనక్కరలేదు.

ఆన్‌కూ ఆఫ్‌కూ ఒకే గీత పెట్టడం మొదటి లోపం. ఏ సెన్సర్ అంకె అయినా నిలకడగా ఉండదు, 497, 503, 499, 502 అంటూ ఊగుతూనే ఉంటుంది. 500 దగ్గర ఒకే గీత ఉంటే ఆ ఊపు ప్రతిసారీ మోటరును తడుతుంది. దానికి బదులు రెండు గీతలు పెట్టాలి. ఉదాహరణకు అంకె 530 దాటినప్పుడే మోటరు మొదలవ్వాలి, మొదలయ్యాక 430కి తగ్గేదాకా నడవాలి, ఆగాక మళ్లీ 530 దాటేదాకా ఆగే ఉండాలి. ఈ రెండింటి మధ్య అంకె ఎక్కడున్నా ప్రోగ్రాం అప్పటిదాకా ఉన్న స్థితినే కొనసాగించాలి. దీంతోపాటు, అంకె వరుసగా అయిదు నిమిషాలు గీత దాటి ఉంటేనే నిర్ణయం తీసుకోవడం, ఒకసారి ఆగిన మోటరు కనీసం పది నిమిషాల దాకా మళ్లీ మొదలు కాకుండా చూడడం కూడా చేర్చండి. నేలలో తేమ నిమిషాల్లో మారేది కాదు కనుక ఈ ఆలస్యం వల్ల పంటకు నష్టమేమీ లేదు. కాలాన్ని లెక్కించడానికి డిలే వాడితే ఆ సమయమంతా ప్రోగ్రాం మరే పనీ చేయలేదు, కాబట్టి బోర్డు మొదలైనప్పటి నుంచి గడిచిన మిల్లీసెకన్లను చెప్పే మిల్లీస్ వాడమని అబ్బాయికి చెప్పండి. ఆ లెక్క దాదాపు 50 రోజులకొకసారి మళ్లీ సున్నాకు వస్తుంది. ఇప్పటి విలువలోంచి పాత విలువను తీసివేసి పోల్చే పద్ధతిలో, అన్‌సైన్డ్ లాంగ్ రకంతో రాస్తే అప్పుడు కూడా తప్పు రాదు.

రెండో లోపం తీగ. మోటరు కేబుల్ పక్కనే 60 మీటర్ల సెన్సర్ తీగ లాగితే, మోటరు నడిచినంతసేపూ అందులోకి 50 హెర్ట్జ్‌ల అలజడి చేరుతుంది, రిలే తెరుచుకున్నప్పుడల్లా ఒక పెద్ద కుదుపు కూడా వస్తుంది. కుండీలో బాగా పనిచేసింది పొలంలో పాడవడానికి ప్రధాన కారణం ఇదేనని మా అభిప్రాయం. అనలాగ్ వోల్టేజి దూరం మోయవలసినది కాదు. సెన్సర్ దగ్గరే ఒక చిన్న మైక్రోకంట్రోలర్ పెట్టి, అక్కడే అంకెగా మార్చి, ఆ అంకెను ఆర్ఎస్-485 (అంకెలను దూరానికి పంపే పద్ధతి) తీగ ద్వారా స్టార్టర్ దగ్గరికి పంపడం సరైన పద్ధతి. అది కుదరకపోతే ఫ్యాక్టరీల్లో వాడే 4–20 మిల్లీ ఆంపియర్ల రకం సెన్సర్ తీసుకోండి. అందులో సమాచారం వోల్టేజిగా కాక కరెంటుగా వస్తుంది, ఇవతలి కొసలో 250 ఓమ్‌ల రెసిస్టర్ మీద అది 1 నుంచి 5 వోల్టులు అవుతుంది. తీగ తెగితే 4కు బదులు సున్నా వస్తుంది కాబట్టి తెగిన సంగతి వెంటనే తెలుస్తుంది. ఖర్చు ఎక్కువే, కానీ అంత దూరానికి తగినది అదే.

మిగిలిన అలజడిని ప్రోగ్రాంలో తగ్గించవచ్చు. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్‌లు, అంటే ఒక్కో అల 20 మిల్లీసెకన్లు. అర మిల్లీసెకనుకు ఒకటి చొప్పున 40 కొలతలు తీసుకుని సగటు చేస్తే సరిగ్గా ఒక అల పూర్తవుతుంది, దాని పై సగం కింది సగం ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. ఏదో ఒక సంఖ్యలో పది కొలతలు తీసి సగటు చేసేవారు ఈ లాభాన్ని పోగొట్టుకుంటున్నారు. రిలే కుదుపుల వంటి విడి తప్పులకు సగటు పనికిరాదు, ఒక్క చెడ్డ అంకె సగటునంతా లాగేస్తుంది. వాటికి, అలాంటి సగటులు అయిదు తీసుకుని చిన్న నుంచి పెద్దకు పేర్చి నడిమిదాన్ని ఎంచుకోవాలి.

ఇక మీ చేనులో రెండు రకాల నేల ఉండడం నిజంగా ఆలోచించవలసిన విషయం. ఈ సెన్సర్ నీటి శాతాన్ని కొలవదు, తన చుట్టూ ఉన్న మట్టి విద్యుత్ గుణాన్ని కొలుస్తుంది. ఆ గుణాన్ని తెలిపే డైఎలెక్ట్రిక్ స్థిరాంకం నీటిది 80 దగ్గర, ఎండిన మట్టిది 3 నుంచి 5, గాలిది 1. అందుకే తడి పెరిగితే అంకె మారుతుంది. కానీ నల్లరేగడిలోని సన్నని బంకమట్టి నీటిని గట్టిగా పట్టి ఉంచుతుంది, అందులో అంత నీరున్నా కొంత భాగం వేళ్లకు అందదు. చెలకలో నీరు తొందరగా కిందికి దిగిపోతుంది, ఉన్నది మాత్రం వేళ్లకు సులువుగా అందుతుంది. ఒకే అంకె ఈ రెండు నేలల్లో ఒకే అర్థాన్ని ఇవ్వదు. కాబట్టి ఒక్కో నేలకు ఒక్కో సెన్సర్, ఒక్కో జత గీతలు, వీలైతే డ్రిప్‌కు ఒక్కో వాల్వు ఉండాలి.

గీతలు ఎక్కడ పెట్టాలో పుస్తకంలోంచి తీసుకోకండి, మీ చేనే చెబుతుంది. వేళ్లుండే లోతులో, డ్రిప్పర్‌కు సరిగ్గా కింద కాక కొంచెం పక్కగా సెన్సర్‌ను నిలువుగా దించి, దాని మీద ముద్రించిన హద్దు గీత దాటి లోపలికి పోకుండా చూడండి. ఆ చోటును బాగా తడిపి, చెలకలో ఒక రోజు, నల్లరేగడిలో రెండు మూడు రోజులు ఆగి, ఎక్కువైన నీరు దిగిపోయాక వచ్చిన అంకెను రాసుకోండి. తరువాత ఒకటి రెండు మొక్కలకు నీరు ఆపి, ఆకులు తెల్లవారుజామున కూడా వాలి ఉన్న రోజు అంకెను రాసుకోండి. మధ్యాహ్నం ఎండకు ఆకు వాలడాన్ని లెక్కలోకి తీసుకోకండి. మోటరు మొదలయ్యే గీత ఈ రెండు అంకెల మధ్య దూరంలో సగం రాకముందే ఉండాలి.

నల్లరేగడిలో ఇంకో ఇబ్బంది ఉంది. ఆ నేల ఎండితే నెర్రెలు విచ్చుతుంది. నెర్రె సెన్సర్ పక్క నుంచే పోతే దానికి మట్టి తగలక గాలి తగులుతుంది, తేమ ఉన్నా ఎండినట్లు చూపిస్తుంది. నీరు వదలగానే అది నెర్రె గుండా నేరుగా సెన్సర్ దగ్గరికి చేరి, వేళ్ల దగ్గర ఇంకా పొడిగానే ఉన్నా తడిసినట్లు చూపిస్తుంది. అందుకని అదే మట్టిని నీళ్లతో బురదగా కలిపి సెన్సర్ చుట్టూ ఖాళీ లేకుండా నింపండి. ఒక్కదాన్నే నమ్మకుండా మూడు సెన్సర్లు వేర్వేరు చోట్ల పెట్టి నడిమి అంకెను తీసుకోండి. సెన్సర్ పలక అంచుల నుంచి నీరు లోపలికి ఇంకుతుంది, ఎనామెల్ పెయింటు పూసి ఎండనిచ్చి వాడితే ఎక్కువ కాలం మన్నుతుంది. రెండు లోహపు కాళ్లున్న చవక రకం సెన్సర్ జోలికి పోవద్దు. దానిలో నేరుగా మట్టి గుండా కరెంటు పోవడం వల్ల కాళ్లు వారాల్లోనే తుప్పు పడతాయి, డ్రిప్‌లో పొటాష్ వంటి ఎరువు వదిలిన రోజున ఆ లవణాల వల్ల నేల లేని తడిని చూపిస్తుంది.

చివరిగా స్టార్టర్ సంగతి. మూడు ఫేజుల మోటరు తీగలను చిన్న రిలే గుండా పోనివ్వకూడదు. స్టార్టర్‌లోని పచ్చ బటన్‌కు సమాంతరంగా ఒక రిలే, ఎర్ర బటన్‌కు వరుసలో ఇంకో రిలే పెట్టి, మొదటిదాన్ని ఒకటి రెండు సెకన్లు మాత్రమే కలిపి వదిలితే స్టార్టర్ తన పని తాను చేసుకుంటుంది. ఓవర్‌లోడ్ రక్షణ, కాయిల్ రక్షణ అలాగే ఉంటాయి. అక్కడ 415 వోల్టులు ఉంటాయి కాబట్టి ఈ పని అనుభవమున్న ఎలక్ట్రీషియన్ చేత మాత్రమే చేయించండి. రాష్ట్రంలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను కోరిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. కరెంటు వచ్చిన క్షణాన అన్ని మోటర్లూ ఒకేసారి మొదలైతే ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోదు, అవసరం లేని నీరు కూడా బయటికి వస్తుంది. మీ పరికరం ఆ తప్పు చేయకూడదు. కరెంటు వచ్చాక కొన్ని నిమిషాలు ఆగి, నేల ఎండి ఉంటేనే మోటరును కదిలించాలి. మార్కెట్‌లో దొరికే రిలే బోర్డుల్లో చాలావరకు పిన్ ‘లో’ (LOW, సున్నా వోల్టు) స్థితిలో ఉన్నప్పుడు కలుస్తాయి. కాబట్టి ప్రోగ్రాంలో ముందు పిన్‌ను ‘హై’ (HIGH, 5 వోల్టులు) చేసి, తరువాతే దాన్ని అవుట్‌పుట్‌గా ప్రకటించాలి. లేకపోతే బోర్డు మొదలైన ప్రతిసారీ మోటరుకు ఒక తట్టు పడుతుంది. అంకె అసాధ్యమైన చోట, ఉదాహరణకు 150 కంటే తక్కువో 800 కంటే ఎక్కువో ఉంటే, మోటరు ఆపి ఎర్రదీపం వెలిగించాలి. ఎంత ఎండినా ఒక విడతలో ఇన్ని గంటలకు మించి మోటరు నడవకూడదన్న హద్దు కూడా పెట్టండి. దీపం తప్పనిసరి, ఎందుకంటే పైన చెప్పిన 1 మెగా ఓమ్ రెసిస్టర్ పెట్టాక మీ సెన్సర్ తీగ తెగి సున్నా వస్తే ప్రోగ్రాం నేల నిండుగా తడిగా ఉందనుకుని మోటరును కదిలించదు, బోరు క్షేమంగా ఉన్నా తోట ఎండిపోతుంది.

ప్రశ్న: ఈఎస్‌పీ32లో వైఫై ఆన్ చేయగానే కొన్ని పిన్‌ల మీద అనలాగ్ రీడింగ్ ఆగిపోతోంది. రెండో చిక్కు, 3 వోల్టులు దాటకముందే 4095 (ఆ చిప్ చూపే అతిపెద్ద అంకె) వచ్చేస్తోంది. – కరీంనగర్

సమాధానం: ఆ చిప్‌లో రెండు అనలాగ్ విభాగాలు ఉన్నాయి, రెండోదాన్ని వైఫై వాడుకుంటుంది. సెన్సర్లను 32 నుంచి 39 వరకు ఉన్న పిన్‌లకు మార్చండి, అవి మొదటి విభాగానివి. దాని కొలత రెండు కొసల్లోనూ వంగిపోతుంది, నమ్మదగిన మేర సుమారు 0.15 నుంచి 2.45 వోల్టుల దాకా మాత్రమే. మీ సెన్సర్ అంతకు మించి ఇస్తే రెండు రెసిస్టర్లతో తగ్గించి ఇవ్వండి, 5 వోల్టులు నేరుగా ఎన్నడూ ఇవ్వకండి. అనలాగ్‌రీడ్‌కు బదులు అనలాగ్‌రీడ్‌మిల్లీవోల్ట్స్ వాడితే ఫ్యాక్టరీలో చిప్‌లో రాసిన సవరణ కూడా లెక్కలోకి వస్తుంది.

ప్రశ్న: కొనుగోలు కేంద్రంలో ధాన్యం తేమ 17 శాతం దాటితే తీసుకోవడం లేదు. కల్లంలోనే తేమ చూసుకోవడానికి రెండు రేకుల మధ్య వడ్లు పోసి, మైక్రోకంట్రోలర్‌తో కొలిచే పరికరం చేద్దామనుకుంటున్నాం. నమ్మవచ్చా? – ఇద్దరు అన్నదమ్ములు, పెద్దపల్లి జిల్లా

సమాధానం: ఆలోచన మంచిదే. మార్కెట్‌లో అమ్మే తేమ మీటర్లలో చాలావాటికి మూలం ఇదే, వడ్లలో నీరున్న కొద్దీ రేకుల మధ్య కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని నిల్వ చేసే శక్తి) పెరుగుతుంది. కానీ ఆ కొలత వడ్లను ఎంత గట్టిగా నింపారు, అవి ఎంత వేడిగా ఉన్నాయి, సన్నరకమా దొడ్డురకమా అన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. ఎండలో ఆరబోసిన వడ్లను వేడివేడిగా పోస్తే ఒక అంకె, నీడలో చల్లార్చి పోస్తే ఇంకో అంకె వస్తుంది. అందుకని ప్రతిసారీ ఒకే తూకం వడ్లు, ఒకే డబ్బాలో, ఒకే ఎత్తు నుంచి పోయాలి, కనీసం అరగంట నీడలో ఉంచాకే కొలవాలి. పక్కనే ఒక థర్మిస్టర్ పెట్టి వేడి ఎంతో కూడా రాసుకోవాలి.

అంకెను శాతంగా మార్చే సూత్రం ఎక్కడా దొరకదు, మీరే తయారుచేసుకోవాలి. ఒకే రకం వడ్లను ఆరబెట్టే క్రమంలో రోజుకు రెండుసార్లు నమూనా తీసి, కేంద్రంలో ఉన్న మీటరులో చూపించి, అదే గంటలో అదే నమూనాకు మీ పరికరం ఇచ్చిన అంకెను ఎదురుగా రాయండి. 22 శాతం నుంచి 14 శాతం దాకా కొన్ని బిందువులు చేతికి వచ్చాక గ్రాఫ్ కాగితం మీద గుర్తించి, గీత నిటారుగా లేకపోతే రెండు మూడు ముక్కలుగా విడగొట్టి ప్రోగ్రాంలో పెట్టుకోండి. 17 చుట్టుపక్కల బిందువులు ఎక్కువగా ఉండాలి, ఎందుకంటే మీ నిర్ణయమంతా అక్కడే. ఇంత చేసినా మీ పరికరం కేంద్రంలోని మీటరుతో వాదించడానికి కాదు, ఈ కుప్పను ఇంకో పూట ఆరబెట్టాలా, సాయంత్రానికి సంచుల్లోకి ఎత్తాలా అని కల్లం దగ్గర తేల్చుకోవడానికి. 17 కాక 16 చూపించినప్పుడే సంచులు నింపండి, కుప్ప పైన, నడుమ, అడుగున మూడు చోట్ల నమూనాలు తీసి, వాటిలో ఎక్కువ తేమ చూపించినదాన్నే లెక్కలోకి తీసుకోండి.